పరీక్షలన్నీ నాకే, ఆయనకు ఒక్కటీ లేదు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. పెళ్లయి నాలుగేళ్లయింది. చెన్నై అంబత్తూరులో ఉంటున్నాం. నాకు 30, మా ఆయనకు 34. ఆయన ఫోర్జింగ్ కంపెనీలో కొలిమి దగ్గర పని చేస్తారు. ఒక వారం డే షిఫ్టు, ఒక వారం నైట్ షిఫ్టు. నాకు డేట్ 36 నుంచి 40 రోజులకు వస్తుంది. పీసీఓడీ, అంటే అండాశయాల్లో నీటిబుడగలు, అన్నారు. థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. ఎగ్ పెరగడానికి ఆరు నెలలు మాత్రలు ఇచ్చారు. ట్యూబుల పరీక్షలో కుడివైపు తెరిచి ఉందని, ఎడమవైపు మూసుకుందని వచ్చింది. ఇప్పటికి ఇద్దరు డాక్టర్లు మారారు. ఆయనను పరీక్షకు రమ్మంటే ‘నాకేం తక్కువ? మా అన్నకు ఇద్దరు పిల్లలు లేరా?’ అంటారు. ఇప్పుడు ఐ.వి.ఎఫ్. (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతి) చేయించుకోమంటున్నారు, రెండు లక్షల పైనే అవుతుందట. అత్తయ్య శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయిద్దామంటున్నారు. డబ్బుకు నా గాజులు అమ్మాలా? అసలు లోపం నాదేనా? పిల్లలు పుట్టకపోవడానికి ఏమేం కారణాలుంటాయో చెప్పండి.
– ఒక సోదరి, అంబత్తూరు

జవాబు: అమ్మా, గాజులు బీరువాలోనే ఉంచండి. ఆ మాట ముందు చెప్పి తర్వాత మిగతాది చెబుతాను.

మీ ఉత్తరం పక్కన పెట్టుకుని, మీకు జరిగినవి ఒక కాగితం మీద వరసగా రాశాను. స్కానింగులు, థైరాయిడ్ రక్తపరీక్షలు, ట్యూబుల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే, ఆరు నెలల మాత్రలు. పక్కనే మీ ఆయన పేరున ఇంకో గడి గీశాను. అది ఖాళీగా ఉంది. నాలుగేళ్లలో ఆయన ఇచ్చింది ఒక్క జవాబు, ‘నాకేం తక్కువ’ అని. పిల్లలు కలగని దంపతుల్లో ఇంచుమించు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. కొందరిలో అదొక్కటే, కొందరిలో ఆడవారి కారణంతో కలిసి. ఆ సగం చూడకుండా మీకు ఆరు నెలలు మాత్రలు ఇచ్చారంటే నాకు బాధగా ఉంది.

బాధ ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, ఇరవై ఎనిమిదేళ్ల కిందటి మాట. ఒకమ్మాయి ప్రతి నెలా డేట్ వచ్చిన రెండో రోజు వచ్చి కూర్చునేది. ఖాళీ అయిన మాత్రల అట్టలు చేతిరుమాలులో మడిచి తెచ్చి, ఒక్కటీ మానలేదని చూపించేది. ఆమె భర్తకు ఊళ్లో పని ఉందని, వచ్చే నెల వస్తాడని చెబుతూ వచ్చింది. నేనూ గట్టిగా అడగలేదు. ఇరవై నెలల తర్వాత ఆయన వచ్చాడు. రిపోర్టులో వీర్యకణాల గడిలో ‘నిల్’ అని ఉంది. ఆ అమ్మాయి ఏడవలేదు. ‘మరి నేను మింగినవన్నీ ఎందుకు మేడమ్?’ అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి భర్త పరీక్ష రాయకుండా నేను భార్యకు ఒక్క మాత్ర కూడా రాయలేదు.

కాబట్టి ముందు మగవారి సంగతే మాట్లాడదాం. ఈ కిందిది మీ ఆయన చదవాలి, ఫోన్ ఆయన చేతికివ్వండి.

బాబూ, మీ అన్నకు ఇద్దరు పిల్లలున్నారంటే మీ అన్న గురించే తెలుస్తుంది, మీ గురించి ఏమీ తెలియదు. మగతనం వేరు, వీర్యకణాలు వేరు. సంసారం బాగా ఉండి, వీర్యం మామూలుగా వస్తున్నా అందులో కణాలు ఒక్కటీ లేకపోవచ్చు. బయటికి వచ్చే ద్రవంలో చాలా భాగం వేరే గ్రంథుల్లో తయారైనదే, కణాలు అందులో చాలా కొద్ది భాగం. కంటితో చూస్తే తేడా ఎవరికీ తెలియదు, మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. మీరేదో తప్పు చేశారని ఎవరూ అనడం లేదు. మీ భార్య ఆ ట్యూబుల పరీక్షకు బల్ల మీద పడుకుని నొప్పి ఓర్చుకుంది. మీరు చేయించుకోవాల్సినదానికి సూది లేదు, నొప్పి లేదు, అరగంటలో అయిపోతుంది.

పరీక్షకు ముందు రెండు రోజులు తగ్గకుండా, ఏడు రోజులు మించకుండా కలయిక లేకుండా ఉండాలి. ల్యాబులో విడిగా గది ఇస్తారు. అక్కడ చేతకాకపోతే ఇంటి నుంచి తేవచ్చు. ల్యాబువాళ్లిచ్చిన డబ్బాలోనే పట్టాలి, మామూలు కండోములో పట్టకూడదు, దాని పూత కణాలను చంపేస్తుంది. డబ్బాను చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని గంటలోపు ల్యాబులో ఇవ్వాలి. ట్రాఫిక్కులో దూరం వెళ్తే గంట దాటిపోవచ్చు కాబట్టి ఇంటి దగ్గరి ల్యాబు చూసుకోండి, పొద్దున్నే వెళ్లండి. మొదటి చుక్కలు కింద పడిపోతే దాచకుండా చెప్పండి, కణాలు ఎక్కువగా ఉండేది వాటిలోనే. గత రెండు మూడు నెలల్లో గట్టి జ్వరం వచ్చి ఉంటే అదీ చెప్పండి.

రిపోర్టు చూసి గాభరా పడేవాళ్లను నేను రోజూ చూస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, కదిలేవి 42 శాతం, మొత్తం కణాల్లో ముందుకు ఈదేవి 30 శాతం, సరైన ఆకారంలో ఉన్నవి 4 శాతం ఉండాలి. అవును, నాలుగే. ‘96 శాతం పాడైపోయాయి’ అని ఏడుస్తూ వచ్చినవాళ్లున్నారు. ఏడాదిలోపు తండ్రులైన మగవాళ్లను పరీక్షించి, వాళ్లలో అందరికంటే తక్కువ వచ్చిన ఐదు శాతం మంది ఎక్కడున్నారో చూసి అక్కడ గీసిన గీత ఇది. గీత కింద ఉంటే తండ్రి కాలేరని కాదు, పైన ఉంటే తప్పకుండా అవుతారనీ కాదు. ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చరు. తేడా వస్తే కొన్ని వారాలాగి మళ్లీ చేస్తారు. కణం తయారు కావడానికే 74 రోజుల దాకా పడుతుంది, అది బయటికి వచ్చేసరికి ఇంచుమించు మూడు నెలలు. ఈ రోజు రిపోర్టులో కనిపించేది మూడు నెలల కిందట మీ ఒంట్లో జరిగిన పని.

ఇక మీ కొలిమి సంగతి. వృషణాలు ఒంటి లోపల కాకుండా బయట తిత్తిలో ఉండడానికి కారణం వేడే. ఒంటి వేడి కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువగా ఉంటేనే అక్కడ కణాలు బాగా తయారవుతాయి. రోజుకు ఎనిమిది గంటలు కొలిమి ముందు, మందపాటి ప్యాంటులో, చెన్నై ఎండలో నిలబడితే ఆ తేడా నిలవదు. మీ విషయంలో ఇదే కారణమని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. కానీ సూపర్‌వైజరును అడిగి ఒక మూడు నెలలు కొలిమికి దూరంగా వేరే సెక్షనులో పని ఇప్పించుకోగలిగితే అడగండి. కుదరకపోతే మధ్యలో చల్లటి చోటికి వెళ్లి రండి, లోపల వదులైన నూలు బట్టలు వేసుకోండి, ఇంటికొచ్చి బాగా వేడి నీళ్లతో స్నానం చేయకండి. ఖైనీ, సిగరెట్టు, గుట్కా ఏదున్నా మానండి. మందు అలవాటుంటే అదీ.

నిలబెట్టి పరీక్ష చేస్తే డాక్టరుకు దొరికే కారణం ఒకటుంది, వేరికోసిల్. వృషణం పైనున్న రక్తనాళాలు ఉబ్బి చుట్టలు చుట్టుకుంటాయి, ఎక్కువగా ఎడమవైపు. మామూలు మగవాళ్లలోనే నూటికి పదిహేను మందికి ఉంటుంది. పిల్లలు లేక వచ్చేవాళ్లలో మూడో వంతు మందికి పైగా కనిపిస్తుంది. ఉన్న ప్రతివాడికీ ఆపరేషను అక్కర్లేదు. చేత్తో తెలిసేంత పెద్దదై, రిపోర్టు కూడా తగ్గి ఉంటే ఆపరేషనుతో మేలు జరుగుతుంది. ఇది యూరాలజిస్టు (మూత్ర, జననావయవాల డాక్టరు) చూసే పని, ఆడ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడేవాళ్లు నేరుగా ఆయన దగ్గరికే వెళ్లండి.

ఇంకో మాట. మీరు కాకపోయినా మీ తమ్ముళ్లు, స్నేహితుల కోసం చెబుతున్నాను. కండలు పెరగడానికి జిమ్ముల్లో ఇచ్చే స్టెరాయిడ్, టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు కణాల తయారీనే ఆపేస్తాయి. బయటి నుంచి హార్మోను వస్తుంటే, లోపల తయారు చేయమని మెదడు పంపే సంకేతం ఆగిపోతుంది. మనిషి చూడడానికి దృఢంగా ఉంటాడు, రిపోర్టు సున్నా వస్తుంది. మానేస్తే చాలామందిలో తిరిగి వస్తుంది కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైనే.

ఇప్పుడు ఫోన్ మళ్లీ మీ భార్యకు ఇవ్వండి.

అమ్మా, మీ అత్తయ్యను ఒక విషయం అడగాలి, అది ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. మీ ఆయనకు పదమూడు, పద్నాలుగేళ్ల వయసు దాటాక గవదబిళ్లలు వచ్చి, కింద కూడా వాపు, నొప్పి వచ్చాయా? మరీ చిన్నప్పుడు వస్తే దిగులు లేదు, ఈడు వచ్చాక వస్తే వృషణాలు దెబ్బతినే అవకాశం ఉంది. పుట్టినప్పుడు రెండు వృషణాలూ తిత్తిలోకి దిగే ఉన్నాయా? చిన్నప్పుడు హెర్నియా ఆపరేషను ఏమైనా జరిగిందా? ఆవిడను కోడలి లోపం వెతికే మనిషిగా కాక, కొడుకు బాల్యం తెలిసిన మనిషిగా పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఎంతోమంది అత్తగార్లు నా ముందు కూర్చుని ఇలాంటివి గుర్తు తెచ్చుకుని చెప్పారు, వైద్యం దారి మారింది. పూజకు నాకు అభ్యంతరం లేదు, మనసుకు ధైర్యం వస్తే మంచిదే. శ్రీకాళహస్తి వెళ్లిరండి. ఎవరో ఇచ్చారని పేరు తెలియని పొడులు, నాటు మందులు మాత్రం ఇద్దరిలో ఎవరూ మింగకండి.

ఒకవేళ రిపోర్టు సున్నా వచ్చినా అక్కడితో అయిపోదు. కణాలు తయారవుతూ దారిలో అడ్డుపడడం ఒక రకం, తయారీయే తగ్గడం ఇంకో రకం. హార్మోన్లు, జన్యు పరీక్షలు చేసి ఏ రకమో తేలుస్తారు. మొదటి రకంలో సూదితో వృషణం నుంచే కణాలు తీసి వాడొచ్చు. రెండో రకంలోనూ కొందరికి దొరుకుతాయి.

ఇక మీ వైపు. మీకు కారణం కొంత తెలిసే ఉంది, అండం ప్రతి నెలా సరైన సమయానికి విడుదల కావడం లేదు. పీసీఓడీలో అండాలు లేకపోవడం ఉండదు, ఉన్నవి పెరిగి బయటికి రాకుండా ఆగిపోతుంటాయి. అందుకే మందులకు బాగా స్పందించే సమస్య ఇది. మీ బరువు రాయలేదు. ఎక్కువ ఉంటే, 70 కిలోల మనిషి మూడున్నర, నాలుగు కిలోలు తగ్గినా చాలామందికి డేట్ దారిలోకి వస్తుంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకోండి, కాఫీకి ముందు అరగంట, గంట వ్యవధి ఉండాలి. మన ఇళ్లలో మాత్ర, కాఫీ ఒకే గుక్కలో వెళ్తాయి, అందుకే చాలామందికి అది సరిగా పని చేయదు. ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోను చూశారో లేదో మీ ఫైలులో చూడండి. అది ఎక్కువున్నా అండం రాదు, మాత్రలతో తగ్గుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం ఆ 36, 40 అంకెలు. ‘పద్నాలుగో రోజు కలవండి’ అని మీకెవరైనా చెప్పారా? ఫోన్లో యాప్ చెప్పిందా? ఆ లెక్క 28 రోజులకు డేట్ వచ్చేవాళ్లది. అండం విడుదలయ్యేది తర్వాతి డేటుకు సుమారు పద్నాలుగు రోజుల ముందు. డేట్ వచ్చిన మొదటి రోజు నుంచి లెక్కపెడితే, మీకు 38 రోజులకు వస్తే అది 24వ రోజు. 36 అయితే 22, 40 అయితే 26. పద్నాలుగో రోజున కలిసి పడుకుని, ఆ తర్వాత ఆయనకు నైట్ షిఫ్టు వారం వచ్చి ఉంటే, మీకు పనికొచ్చే రోజుల్లో ఇద్దరూ ఒకే ఇంట్లో కూడా ఉండలేదన్న మాట. అండం బతికేది 12 నుంచి 24 గంటలే, వీర్యకణం లోపల అయిదు రోజుల దాకా బతుకుతుంది. కాబట్టి 17వ రోజు నుంచి 27వ రోజు దాకా రెండు రోజులకోసారి కలిస్తే చాలు, గంటలు లెక్కపెట్టి టెన్షన్ పడక్కర్లేదు. ఆ వారం నైట్ షిఫ్టు పడితే ఎవరితోనైనా మార్చుకోమనండి. ఆరు నెలలు మాత్రలు వేసుకున్నప్పుడు స్కానింగులో అండం ఏ రోజు పగిలిందో రాసి ఉంటారు, ఆ తేదీలూ చూసుకోండి.

ఇదే లెక్క రక్తపరీక్షకు కూడా. అండం వచ్చిందా లేదా తెలుసుకోవడానికి ‘21వ రోజు’ ప్రొజెస్టిరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోను) పరీక్ష రాస్తారు. మీకు 21వ రోజున చేస్తే తక్కువ వస్తుంది, అండం రాలేదనుకుంటారు. మీరు 30వ రోజు అటూ ఇటూ చేయించాలి.

ట్యూబుల మాట. ఒకటి తెరిచి ఉంటే గర్భం రావడానికి సరిపోతుంది. పైగా ఆ పరీక్ష చేసేటప్పుడు నొప్పికి ట్యూబు మొదట్లో కండరం బిగుసుకున్నా, మూసుకున్నట్టే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. అడ్డం ఏ చోట ఉందో, మొదట్లోనా చివర్లోనా అన్నది రిపోర్టులో చూడండి. చివర్లో మూసుకుని నీరు నిండి ఉబ్బి ఉంటే మాత్రం అది వేరే సంగతి, ఆ నీరు గర్భసంచిలోకి కారి పిండాన్ని నిలవనివ్వదు, ఐ.వి.ఎఫ్. చేసినా ముందు దాని సంగతి చూడాలి. ట్యూబులు పాడవడానికి మన దేశంలో క్షయ ఒక పెద్ద కారణం. దగ్గు లేకుండానే, ఊపిరితిత్తుల నుంచి రక్తం ద్వారా ట్యూబుల్లోకి చేరి ఏళ్ల తరబడి తెలియకుండా ఉంటుంది. మీకు గానీ, చిన్నప్పుడు ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు గానీ టీబీ వచ్చి ఉంటే, ఈ మధ్య డేట్‌లో రక్తస్రావం బాగా తగ్గి ఉంటే తప్పకుండా డాక్టరుకు చెప్పండి. చికిత్స తీసుకోని పొత్తికడుపు ఇన్‌ఫెక్షన్లు, అపెండిక్స్ పగలడం కూడా ట్యూబులను అతికిస్తాయి.

మిగతావి మీ ఉత్తరంలో కనిపించలేదు, చదివే వేరేవాళ్ల కోసం రెండు ముక్కలు. డేట్ సమయంలో మెలికలు తిరిగే నొప్పి, కలయికలో లోతుగా నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) ఉందేమో చూడాలి. ‘అందరికీ ఉండే నొప్పేలే’ అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేయడం వల్ల అది ఏళ్ల తర్వాత గానీ బయటపడదు. ఫైబ్రాయిడ్ గడ్డ గర్భసంచి లోపలి పొరలోకి పొడుచుకొచ్చి ఉంటే అడ్డం, బయటివైపు చిన్నది ఉంటే దాని జోలికి వెళ్లక్కర్లేదు. అబార్షను తర్వాత క్లీనింగ్ చేయించుకున్నాక డేట్ బాగా తగ్గిపోతే లోపల గోడలు అతుక్కున్నాయేమో చూడాలి. వయసు 35 దాటినవాళ్లు ఏడాది ఆగకుండా ఆరు నెలలకే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, అండాల సంఖ్య, నాణ్యం రెండూ అప్పటి నుంచి త్వరగా తగ్గుతాయి. అన్ని పరీక్షలూ బాగున్నా కారణం దొరకని జంటలు కూడా కొంతమంది ఉంటారు. వాళ్లకూ వైద్యం ఉంది.

ఇక ఐ.వి.ఎఫ్. నేను దానికి వ్యతిరేకిని కాదు. రెండు ట్యూబులూ పోయినవాళ్లకు, కణాలు బాగా తక్కువ ఉన్నవాళ్లకు అది వరం. కానీ మీకు 30 ఏళ్లు, ఒక ట్యూబు తెరిచి ఉంది, మందులతో అండం పెరిగే అవకాశం ఉంది. భర్త రిపోర్టు లేకుండా ఆ సలహా ఎలా ఇచ్చారో నాకు అర్థం కాలేదు. రిపోర్టు బాగుంటే, సరైన రోజులు చూసుకుని మరికొన్ని నెలలు మందులతో ప్రయత్నించవచ్చు, తర్వాత ఐ.యు.ఐ. (శుద్ధి చేసిన వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించే పద్ధతి) ఉంది. రిపోర్టు బాగా తక్కువ వస్తే అప్పుడు ఐ.వి.ఎఫ్.లోనూ ఒక్కొక్క కణాన్ని అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతి అవసరం పడొచ్చు, ఆలస్యం చేయకూడదు కూడా. ఏ దారి అన్నది తేల్చేది ఆ ఒక్క కాగితమే. ఎప్పుడైనా ఆ క్లినిక్కు వెళితే, ఇలాంటి క్లినిక్కుల కోసం 2021లో చేసిన ఏ.ఆర్.టి. చట్టం కింద రిజిస్ట్రేషను ఉందా అని అడిగి చూడండి. మగపిల్లవాడే పుట్టేలా చేస్తామని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి, అది నేరం. ఖర్చు భారమైతే మొదటి పరీక్షలకు ఎగ్మోరు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి గానీ, ట్రిప్లికేన్ గోషా (కస్తూర్బా గాంధీ) ప్రభుత్వ ఆసుపత్రికి గానీ వెళ్లండి. క్యూ ఉంటుంది, పొద్దున్నే చేరుకోవాలి.

‘లోపం నాదేనా’ అని అడిగారు. అండం సమస్య మీది, దానికి మందుంది. ఆయనది ఏమిటో ఇంకా ఎవరికీ తెలియదు. నాలుగేళ్లు మీరొక్కరే మోసిన ఆ మాటను ఇంక ఒంటరిగా మోయకండి. ఆయనతో ‘నువ్వు పరీక్ష చేయించుకో’ అనకుండా, ‘ఏవండీ, డాక్టరమ్మ ఇద్దరినీ కలిసి రమ్మంది’ అనండి. నా పేరు చెప్పినా ఫరవాలేదు. ఆయన వీక్లీ ఆఫ్ రోజున వెళ్లండి.

ఫోలిక్ యాసిడ్ మాత్ర ఈ రోజు నుంచే రోజూ వేసుకోండి, ఎంత మోతాదో మీ డాక్టరును అడగండి. గోడ మీది క్యాలెండరులో ఈ నెల డేట్ మొదటి రోజుకు గుండ్రం చుట్టి, అక్కడి నుంచి పదిహేడో రోజుకు ఇంకో గుండ్రం చుట్టండి. రిపోర్టు వచ్చాక ఆయనదీ, మీ ట్యూబుల ఎక్స్‌రేదీ రెండూ కలిపి నాకు పంపండి, చూసి మళ్లీ రాస్తాను.